పగిలిన పడవ... పగలని పద్యం

సువార్త చెప్పడానికి వచ్చిన మతగురువుకు ఎదురువెళ్లి, పద్యంతో నిలదీసిన ఐస్‌లాండ్ కవయిత్రి కథ

ఐస్‌లాండ్ క్రైస్తవంలోకి మారిన వైనం రాయమన్నారు సంపాదకులు. గడువు శుక్రవారం. రాజులూ సభలూ ఉన్న పెద్ద కథే. కానీ ‘న్యాల్ సాగా’ అనే పాత ఐస్‌లాండ్ గాథ తిరగేస్తుంటే స్టెయినున్ కనిపించింది. ఆమెను దాటి ముందుకు పోలేకపోయాను.

కవి రెఫ్‌కు తల్లి ఆమె. నార్వే రాజు పంపిన మతగురువు థాంగ్‌బ్రాండ్ పడమటి సీమకు రాగానే ఎదురువెళ్లి, సువార్త చెప్పేవాడికే తన దేవుళ్ల గురించి బోధించింది. ఆయన అంతా విని, మాటకు మాట బదులిచ్చాడు. ఉరుముల దేవుడు థోర్ ద్వంద్వయుద్ధానికి పిలిస్తే మీ క్రీస్తు రాలేదట, విన్నావా అని ఆమె అడిగింది. దేవుడు తలచకుంటే థోర్ మిగిలేది దుమ్ముగానే అన్నాడాయన. సరే, నీ పడవను పగలగొట్టిందెవరో తెలుసా అంటూ ఆమె రెండు పద్యాలు చదివింది.

ఆ పడవ తూర్పు తీరంలో బూలాండ్స్‌నెస్ దగ్గర బద్దలైంది. దాని పేరు వీసుండ్, అంటే అడవిదున్న. నార్స్ కవులకు పడవ సముద్రం మీద తిరిగే జంతువు. స్టెయినున్ ఎంచుకున్న జంతువుల్లో అడవిదున్న కూడా ఉంది. అలంకారమూ అదే, పడవ పేరూ అదే. మన శ్లేషే! ఒక పద్యంలో థాంగ్‌బ్రాండ్‌ను గంటను కాసేవాడంటుంది. పడవను విరగ్గొట్టింది థోర్, క్రీస్తు కాపాడలేదు. ఇదీ ఆమె వాదం.

ఆమె పద్యాల ఛందస్సులో ఎనిమిది పాదాలు, పాదానికి సాధారణంగా ఆరు అక్షరాలు. రెండేసి పాదాలను మన యతిలాంటి ధ్వనిమైత్రి కలుపుతుంది. బేసి పాదం లోపల అచ్చు మారినా హల్లు కలవాలి. మన ప్రాస తెలిసినవారికి ఇది ఇట్టే అందుతుంది. సరి పాదంలో అచ్చూ కలవాలి. ఒక్క మాట మార్చినా అల్లిక ఊడిపోతుంది. 1280 ప్రాంతంలో సాగా రాసేదాకా పద్యాలు నోళ్లలో నిలిచింది ఆ బిగువు వల్లేనని నా నమ్మకం.

ఇక చరిత్ర. 995లో నార్వే రాజైన ఓలాఫ్ ట్రిగ్వాసన్ థాంగ్‌బ్రాండ్‌ను పంపాడు. తనను నిందిస్తూ పద్యం చెప్పిన వెట్ర్‌లిది అనే కవిని థాంగ్‌బ్రాండ్ చంపాడని సాగాలు చెబుతాయి. స్టెయినున్ ఎదురువెళ్లింది అలాంటివాడికి! 999లోనో 1000లోనో ఐస్‌లాండ్ పెద్ద సభ ఆల్థింగ్‌లో, పాత మతానికే చెందిన చట్టవక్త థోర్గెయిర్ ఒక పగలూ రాత్రీ ముసుగుతన్ని పడుకుని ఆలోచించి, అందరికీ క్రైస్తవమే చట్టమని తీర్పిచ్చాడు.

సాగా రాసినవాడిదీ గెలిచిన మతమే. ఆమె ప్రశ్నకు మతగురువు జవాబు రాశాడు. పద్యాలకు మాత్రం ఏ జవాబూ రాయలేదు. ఆ తర్వాత ఇద్దరూ విడిపోయారని రాసి ఊరుకున్నాడు.

తంటాల కవి
హాల్‌ఫ్రెద్ అనే కవికి బాప్తిస్మం వేళ ఓలాఫ్ రాజే జ్ఞానతండ్రి. ఓడిన్ దేవుణ్ని వదులుకోలేని బాధను అతను పద్యాల్లో చెప్పుకున్నాడు. ‘తంటాల కవి’ అని పేరు పెట్టిందీ రాజే.

కొన్నాళ్ల సడలింపు
కొత్త చట్టం వచ్చాక కూడా గుర్రపు మాంసం తినవచ్చు. సాక్షులు లేకుంటే పాత దేవుళ్లకు బలి ఇవ్వవచ్చు. కొన్నేళ్లకు ఇవీ రద్దయ్యాయి.