ఇరుకైన చోట ఎవరికి స్థలం?

తామున్న చోటు ఇరుకైపోయిందని, యొర్దానుకు వెళ్లి తలా ఒక మ్రాను తెచ్చుకుని కొత్త నివాసం కట్టుకుంటామని ప్రవక్తల శిష్యులు ఎలీషాను అడిగారు (2 రాజులు 6). ఆయన వెళ్లమన్నాడు. పిలిస్తే తానూ వెంట వెళ్లాడు. చెట్టు నరుకుతుండగా ఒకరి గొడ్డలి ఊడి నీళ్లలో పడింది. అది అరువు తెచ్చినది కావడంతో అతడు లబోదిబోమన్నాడు. అప్పు చేసి మందిరం కట్టే సంఘ పెద్దలకు ఆ బాధ బాగా తెలుసు!

సంఘం పెరిగి చోటు చాలకపోవడం దేవుని ఆశీర్వాదమే. అయితే స్థలానికీ డబ్బుకూ పరిమితి ఉంది కనుక కొత్త మందిరమూ ఏదో ఒకనాటికి ఇరుకవుతుంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చిలో దాదాపు 5 వేలమంది కూర్చోవచ్చు. అయినా క్రిస్మస్‌నాడు అది చాలక జనం ఆవరణంతా నిండిపోతారు. సొలొమోను కట్టించిన మందిరం పొడవు 60 మూరలు, వెడల్పు 20 మూరలు. అంటే సుమారు 90 అడుగులు, 30 అడుగులు. మన పట్టణాల్లో ఓ మోస్తరు కల్యాణ మండపమంత! ప్రజలు ఆరాధించింది బయటి ఆవరణాల్లోనే.

అందుచేత కొత్త మందిరం ప్లాను ముందు కూర్చున్న పెద్దలు 'ఎంతమంది పడతారు?' అన్న ప్రశ్న దగ్గరే ఆగకూడదు. చోటు చాలని రోజున బయట నిలబడేదెవరు? కపెర్నహూములో యేసు ఉన్న ఇంటి వాకిట కూడా ఖాళీ లేదు. ముందొచ్చినవారు శ్రద్ధగా వాక్యం వింటున్నారు, మంచిదే. కాని పక్షవాయువు గలవాడికి దారి దొరకలేదు. మోసుకొచ్చిన నలుగురూ పైకప్పు విప్పవలసి వచ్చింది. మన మందిరాల్లో మెట్లెక్కలేని వృద్ధులు, చంటిబిడ్డల తల్లులు, నాలుగిళ్లలో పని ముగించుకుని ఆలస్యంగా వచ్చే స్త్రీలు వరండా పాలవుతున్నారు. ముందు వరుస సోఫాలు మాత్రం అతిథుల కోసం ఖాళీగా ఎదురుచూస్తుంటాయి. వేదికలూ మరీ పెద్దవవుతున్నాయి. డ్రమ్స్‌కు దొరికిన చోటు వీల్‌చైర్‌కు దొరకడం లేదు.

ఆరాధన స్థలం కింది అంతస్తులో, సండేస్కూలు పైన ఉంటే చాలావరకు మేలు. వాలుబాట తప్పనిసరి. రెండు ఆరాధనలు పెడితే సంఘం చీలుతుందని కొందరు భయపడతారు. ఆ భయం కొట్టిపారేయదగ్గది కాదు. కాబట్టి నెలకొకసారైనా అందరూ ఆరుబయట కలిసి ఆరాధించి, కలిసి భోంచేయాలి. ఇక తెల్లవారుజాము ఆరాధనకు కొత్తవారిని నెట్టకుండా, ఏళ్ల తరబడి వస్తున్న కుటుంబాలే మారితే పదింటి ఆరాధనలో చోటు మిగులుతుంది. అలా మారేవారి పేర్లు రాసుకోవడం శంకుస్థాపనకు ముందే మొదలుపెట్టవచ్చు.