టిటుబా ఎందుకు ఒప్పుకుంది? సేలం ‘మంత్రగత్తె’ను రెండు నవలల్లో చదువుదాం

1692 ఫిబ్రవరి 29. అప్పటికి ఇంగ్లండ్ వలసగా ఉన్న మసాచుసెట్స్‌లోని సేలం విలేజ్‌లో ముగ్గురు ఆడవాళ్ల మీద వారెంట్లు జారీ అయ్యాయి. మంత్రవిద్య చేశారన్నది ఆరోపణ. ఒకరు సారా గుడ్, ఇల్లూవాకిలీ లేక ఇంటింటికీ తిరిగి అడుక్కునే మనిషి. రెండో ఆమె సారా ఆస్బర్న్. జబ్బుపడి చర్చికి వెళ్లడం మానేసింది. పైగా ఆస్తి విషయంలో ఊళ్లో బలమైన కుటుంబంతో తగాదా ఉంది. మూడో ఆమె టిటుబా, పాస్టర్ శామ్యూల్ పారిస్ ఇంట్లో బానిస.

మొదట ఈ ముగ్గురి పేర్లే ఎందుకు బయటికొచ్చాయో అర్థం చేసుకోవడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. వాళ్ల తరఫున నోరెత్తే మనిషి ఆ ఊళ్లో లేడు.

మంత్రగత్తెల కథలంటే యువ పాఠకులకు ఎప్పుడూ ఆసక్తే. చీపురు మీద ఎగిరే అమ్మాయిలు, మంత్రదండాలు, మాట్లాడే పిల్లులు ఆ పుస్తకాల్లో మామూలు. అయితే ‘మంత్రగత్తె’ అనే పేరు మోసిన మనిషి ప్రాణాలతో ఎలా బయటపడిందని అడిగే నవలలు తక్కువ. టిటుబా మీద అలాంటివి రెండు ఉన్నాయి. రెండూ నల్లజాతి స్త్రీలు రాసినవే. వాటిలోకి వెళ్లే ముందు రికార్డులో ఏముందో చూద్దాం.

పారిస్ కూతురు బెట్టీకి తొమ్మిదేళ్లు. బంధువుల పిల్ల అబిగెయిల్‌కి పదకొండు. 1692 చలికాలంలో ఇద్దరికీ మూర్ఛల్లాంటివి మొదలయ్యాయి. మంత్రం పెట్టిందెవరో కనిపెట్టడానికి పక్కింటి మేరీ సిబ్లీ ఒక చిట్కా చెప్పింది. పిల్లల మూత్రం కలిపి రై పిండితో రొట్టె చేసి కుక్కకు పెట్టాలట. టిటుబా భర్త జాన్ చేత ఆ రొట్టె చేయించింది. అది ఇంగ్లండ్ నుంచి వచ్చిన తెల్లవాళ్ల నాటు చిట్కా. సిబ్లీ చర్చి సభ్యురాలు. తప్పయిందని చర్చిలో ఒప్పుకుంది, సభ క్షమించింది. టిటుబా జైలుకు వెళ్లింది. ఆమే వంటింట్లో అమ్మాయిలను కూర్చోబెట్టి క్షుద్రవిద్య నేర్పిందనే కథ చాలామందికి తెలుసు. ఆనాటి కోర్టు కాగితాల్లో దానికి ఆధారం లేదు. తర్వాతి కాలం వాళ్లు అల్లిన కథ అది.

మార్చి 1న విచారణ జరిగింది. ముందు కాదన్న టిటుబా తర్వాత ఒప్పుకుంది. నల్లబట్టల పొడుగాటి మనిషి వచ్చాడంది. పసుపు పిట్టను చూశానంది. కర్రమీద ఎక్కి వెళ్లామంది. అతని పుస్తకంలో తొమ్మిది గుర్తులున్నాయంది. రెండు పేర్లు చెప్పింది. మిగతా ఏడుగురు ఎవరో చెప్పలేదు. ఊరంతా ఆ ఏడుగురి కోసం వెతకడం మొదలెట్టింది.

ఆమె వల్లే ఇదంతా జరిగిందని నిందించేవాళ్లున్నారు. పారిస్ కొట్టి ఒప్పించాడని ఆమె తర్వాత చెప్పినట్టు 1700లో అచ్చయిన రాబర్ట్ కేలెఫ్ పుస్తకం నమోదు చేసింది. సేలంలో మొత్తం 19 మందిని ఉరితీశారు. గైల్స్ కోరీ అనే ముసలాయన మీద బండలు పేర్చి చంపారు. నేరం ఒప్పుకుని ఆ మాట మీద నిలబడ్డ వాళ్లలో ఒక్కరినీ ఉరితీయలేదు. ఏ పాపం ఎరగమని చివరిదాకా అన్న వాళ్లనే ఉరితీశారు. సారా గుడ్ అలా అన్నందుకే జూలై 19న ఉరికంబం ఎక్కింది. నాలుగైదేళ్ల ఆమె కూతురిని కూడా నెలల తరబడి గొలుసులతో జైల్లో ఉంచారు. ఆస్బర్న్ మే నెలలో జైల్లోనే చనిపోయింది.

నిజం చెబితే చంపే కోర్టు, అబద్ధం చెబితే బతకనిచ్చే కోర్టు అది. అక్కడ అబద్ధమాడిన బానిసను తప్పుపట్టడం తేలిక. ఆ కోర్టును తప్పుపట్టడం కష్టం. చరిత్ర చాలాకాలం తేలిక పనే చేసింది.

ఒప్పుకున్నా టిటుబాకు విడుదల వెంటనే రాలేదు. ఆనాటి జైలులో తిండి ఖర్చులు ఖైదీయే కట్టాలి. పారిస్ కట్టలేదు. ఏడాదికి పైగా లోపలే ఉంది. చివరికి ఎవరో ఆ బాకీ కట్టి ఆమెను కొనుక్కున్నారు. ఆ ‘ఎవరో’ పేరు రికార్డులో లేదు. ఆ తర్వాత ఆమె జాడా లేదు. 1711లో ప్రభుత్వం బాధిత కుటుంబాలకు పరిహారం ఇచ్చింది. ఆ డబ్బులో టిటుబాకు వాటా లేదు.

రికార్డు ఆగిపోయిన ఈ చోటే నవలలకు చోటిచ్చింది. ఆన్ పెట్రీ 1964లో ‘టిటుబా ఆఫ్ సేలం విలేజ్’ అనే నవలను యువ పాఠకుల కోసమే రాసింది. అంతకుముందు 1955లో హ్యారియెట్ టబ్‌మన్ జీవితం కూడా వాళ్లకోసమే రాసింది. ఆమె టిటుబా బార్బడోస్ నుంచి అమ్ముడుపోయి వచ్చిన మనిషి. వండుతుంది, నూలు వడుకుతుంది, మంచాన పడ్డ యజమానురాలికి సేవ చేస్తుంది. ఆ ఇల్లు నడిచేది ఆమె చేతుల మీదే. ఆ చేతులనే ఇంటివాళ్లు అనుమానిస్తారు. మాకు ఈ నవలలో అన్నిటికన్నా దగ్గరగా అనిపించింది ఇదే. మన చాకిరీ కావాలి, మన చెయ్యి తగిలితే భయం. ఈ లెక్క మన వాడలకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

గ్వాడెలూప్‌లో పుట్టిన మరీస్ కోండే 1986లో ఫ్రెంచిలో రాసిన ‘నేను, టిటుబా’ది ఇంకో దారి. ఇది పెద్దల నవల, ఫాంటసీ కలిసిన చరిత్ర. చనిపోయిన తల్లి, పెంచిన ముసలమ్మ ఆత్మలై వచ్చి టిటుబాతో మాట్లాడతారు. ఆమెకు మందులు తెలుసు, మూలికలు తెలుసు. ఆ విద్య వైద్యమే. దాన్ని ‘క్షుద్రం’ అన్నది యజమానులు. కోండే ఆమెను జైలు దగ్గర వదిలేయలేదు, బార్బడోస్‌కు తిరిగి పంపి తిరుగుబాటుదారుల మధ్య నిలబెట్టింది. చరిత్ర ఇవ్వని ముగింపును కల్పన ఇచ్చింది.

ఒక జాగ్రత్త అవసరం. కోర్టు కాగితాలు టిటుబాను ‘ఇండియన్’ అన్నాయి, అంటే అమెరికా ఖండాల మూలవాసి అని. నల్లజాతి స్త్రీగా ఆమె రూపం తర్వాతి రచనల్లో స్థిరపడింది. విద్యార్థులుగా మనం నవలను నవలగా, రికార్డును రికార్డుగా చదవాలి. రెండూ కలిపేస్తే మూలవాసి స్త్రీ ఇంకోసారి మాయమవుతుంది.

ఇది మూడు వందల ఏళ్ల కింద ముగిసిన సంగతైతే ఇక్కడ రాసేవాళ్లం కాదు. చేతబడి, బాణామతి, చిల్లంగి అనే మాటలు మన ఊళ్లలో ఇంకా మనుషులను చంపుతున్నాయి. తెలంగాణ పల్లెల్లో ఈ అనుమానంతో చెట్టుకు కట్టి పళ్లు పీకిన ఘటనల్లో ఆడవాళ్లూ ఉన్నారు, మగవాళ్లూ ఉన్నారు. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(జెడ్‌బి) దీన్ని నేరుగా పట్టించుకుంది. మంత్రవిద్య చేస్తున్నారనే నెపంతో ఎస్సీ, ఎస్టీలను శారీరకంగా గాయపరిచినా, మానసికంగా వేధించినా ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష, జరిమానా ఉంటుంది. ఇలాంటి ఘటన జరిగితే దాన్ని ‘మూఢనమ్మకం’ అని వదిలేయకుండా ఈ సెక్షన్ ఎఫ్‌ఐఆర్‌లో చేరిందో లేదో చూడటం కార్యకర్తల మొదటి పని.

మూఢనమ్మకం అన్న మాట సగమే చెబుతుంది. నమ్మకం ఊరందరిదీ అయినప్పుడు దెబ్బలు కొందరికే ఎందుకు పడుతున్నాయి? భూమి తగాదా ఎవరితో ఉంది? ఆ పేరు మొదట ఎవరి నోట వచ్చింది? క్షమాపణ ఎవరికి దక్కింది, జైలు ఎవరికి దక్కింది? సేలం గురించి అడిగే ఈ ప్రశ్నలనే మన ఊరి కేసు ఫైలు ముందు పెట్టుకుని అడగాలి.

రికార్డు రాసేవాళ్లు మనవాళ్లు కానప్పుడు మన పేర్లు మధ్యలోనే ఆగిపోతాయి. టిటుబా పేరు అలాగే ఆగింది. పెట్రీ, కోండే ఆ తర్వాతి పేజీ రాశారు. మన దగ్గర బాణామతి పేరుతో చంపబడ్డ వాళ్ల తర్వాతి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. మీ ఊళ్లో అలాంటి పేరు ఒక్కటి తెలిసినా, ఆ కుటుంబం ఒప్పుకుంటే, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.