తప్పు టీవీది కాదన్నా! – హెచ్.డి. సెట్ టాప్ బాక్స్ గురించి నాలుగు మాటలు

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మన హాస్టల్ పూర్వ విద్యార్థులు కొందరు తమ జీతాల్లోంచి తలా కొంత వేసుకొని టీవీ హాలుకు పెద్ద ఫుల్ హెచ్.డి. టీవీ కొనిచ్చారు. వార్డెన్ సార్ కొబ్బరికాయ కొట్టారు. తీరా ఆన్ చేస్తే బొమ్మ మసకమసకగా వచ్చింది. మనుషులు లావుగా కనిపించారు. ఇద్దరం మేడెక్కి ఎండలో డిష్‌ను అటూ ఇటూ తిప్పినా లాభం లేకపోయింది. "పాత డబ్బా టీవీయే నయం రా" అన్నాం. డబ్బులు పోగుచేసిన అన్న ఆ మాట విన్నారు. ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

ఇప్పుడు నేను ఎమ్మెస్సీ ఎలక్ట్రానిక్స్ చేశాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి కాబట్టి మా వాడలో ఎవరు టీవీ కొన్నా నన్నే పిలుస్తారు. ఆ రోజు జరిగిన పొరపాటు ఏమిటో తమ్ముళ్లకు చెప్పాలనే ఈ వ్యాసం.

బాక్సు చేసే పని

బొమ్మను ఉన్నదున్నట్టు పంపాలంటే చాలా చోటు కావాలి. అందుకే కుదించి పంపుతారు. వార్తలు చదివే ఆమె వెనుక గోడ కదలదు కదా! ఆ గోడను మాటిమాటికీ పంపకుండా, ఎక్కువగా మారిన భాగాన్నే పంపుతారు. డబ్బు కట్టి చూసే చానళ్లకైతే తాళం కూడా వేస్తారు. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం నుండి ఈ సంకేతం డిష్‌కు, అక్కడి నుండి బాక్సుకు చేరుతుంది. బాక్సు మనం నొక్కిన చానల్‌ను ఏరి, తాళం తీసి, కుదించిన బొమ్మను విప్పి టీవీకి ఇస్తుంది. బాక్సు ఏమిస్తే టీవీ దాన్నే చూపిస్తుంది.

చుక్కల లెక్క

తెర మీద బొమ్మ అంటే రంగు చుక్కల వరుసలే. మన దేశంలో మామూలు ప్రసారం, అంటే ఎస్.డి., 720 x 576. మొత్తం 4,14,720 చుక్కలు. ఫుల్ హెచ్.డి. 1920 x 1080. అంటే 20,73,600 చుక్కలు. సరిగ్గా 5 రెట్లు! ఎస్.డి. బాక్సు 4 లక్షల చుక్కలిస్తే మిగతా 16 లక్షలను టీవీయే అంచనా వేసి నింపుకోవాలి. పాస్‌పోర్టు ఫొటోను ఫ్లెక్సీ మీద వేయిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పైగా పాత బొమ్మ కొలత 4:3, కొత్త తెర కొలత 16:9. తెర నిండాలని అడ్డంగా సాగదీస్తే మనుషులు లావవుతారు.

నాలుగూ హెచ్.డి. అయితేనే

1. చానల్: ఒకే చానల్‌కు ఎస్.డి., హెచ్.డి. వేర్వేరు నంబర్లలో ఉంటాయి. పే చానల్ అయితే హెచ్.డి.ని ఎంచుకొని డబ్బు కట్టాలి.

2. బాక్సు: 'ఎంపెగ్-4' అని రాసి ఉంటే హెచ్.డి. అనుకోవద్దు. అది కుదించే పద్ధతి పేరు మాత్రమే. ఎస్.డి. బాక్సుల్లోనూ ఉంటుంది. 'హెచ్.డి.' అని రాసి ఉందో లేదో చూడండి. నెల చందా లేని డి.డి. ఫ్రీ డిష్ 2004 నుండి ఉంది. దానికి కూడా పాత ఎంపెగ్-2 బాక్సు పెడితే ఎంపెగ్-4 చానళ్లు రావు.

3. వైరు: పసుపు, ఎరుపు, తెలుపు వైర్లలో బొమ్మను మోసేది పసుపు వైరు. అది ఎస్.డి. బొమ్మనే మోయగలదు. హెచ్.డి.కి హెచ్.డి.ఎం.ఐ. కేబుల్ కావాలి. బొమ్మ, శబ్దం రెండూ అందులోనే వస్తాయి. దగ్గర దూరానికి మామూలు కేబుల్ చాలు, ఖరీదైనది అక్కరలేదు.

4. టీవీ, సెట్టింగు: టీవీ హెచ్.డి.ది అయి ఉండాలి. టీవీ రిమోట్‌లో 'సోర్స్' నొక్కి హెచ్.డి.ఎం.ఐ. ఎంచుకోవాలి. బాక్సు మెనూలో 576 అని ఉంటే 1080కి మార్చాలి.

జబ్బు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

వాన పడినప్పుడు బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోతే అది సంకేతం లోపం. డిష్ చూడాల్సిందే. బొమ్మ ఆగకుండా వస్తూ మసకగా ఉంటే పై నాలుగింటిలో ఏదో ఒకటి ఎస్.డి. అన్నమాట. డిష్ ఎంత తిప్పినా ఉపయోగం లేదు. మేం చేసిన పని అదే!

2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలను దూరదర్శన్ హెచ్.డి.లో ప్రసారం చేసింది. అంటే మన టీవీ వచ్చేనాటికే ఆకాశంలో హెచ్.డి. ఉంది. మన హాలులో మాత్రం కొత్త టీవీకి పాత ఎస్.డి. బాక్సును పసుపు వైరుతో కలిపాం. కొట్టువాళ్లూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మొన్న సంక్రాంతి తర్వాత హాస్టల్‌కు వచ్చి, హెచ్.డి. బాక్సు, హెచ్.డి.ఎం.ఐ. కేబుల్ పెట్టి చూశాను. అదే టీవీలో క్రికెట్ గ్రౌండులో గడ్డి కూడా స్పష్టంగా కనిపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ అన్న గుర్తొచ్చారు.

తమ్ముళ్లారా! రేపు మీ ఇంట్లో అమ్మానాన్నలు కూలి డబ్బులు దాచి టీవీ కొంటామంటే ముందుగా ఈ నాలుగూ అడిగి తెలుసుకోండి.

అన్నా! ఈ సంచిక మీ చేతికి అందితే ఒక్క మాట. మీరిచ్చిన టీవీ మంచిదే. ఆ రోజు మాకే తెలియక అలా అన్నాం. మమ్మల్ని క్షమించండి.