అడవి కింద కొలువు... అడవిలో నడక!

విహారమంటే గుట్టలెక్కడమేనా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ, ఆయాసపడే పెద్దలూ, చంటిపిల్లల తల్లులూ ఇంట్లో కూర్చోవాల్సిందేనా? అక్కర్లేదు. బొగ్గు పట్టణం గోదావరిఖని చుట్టుపక్కలే ఎవరి ఓపికను బట్టి వాళ్లు నడిచొచ్చే చోట్లున్నాయి. బాపును వెంటబెట్టుకుని మేం నడిచి చూశాం.

బాయిలో పనిచేసినన్నాళ్లూ బాపు రోజూ నడిచాడు. ఇంక్లైన్ మొదట్నుంచి పని జాగా దాకా దిగడం, షిఫ్టు అయిపోయాక మళ్లీ ఎక్కడం. నెత్తిన టోపీ, టోపీకి లైటు, చుట్టూ చీకటి. రిటైరయ్యాక మాత్రం ఇంటిముందు వేపచెట్టు దాటి వెళ్లడం మానేశాడు. డాక్టరు రోజూ కాసేపు నడవమన్నా వినలేదు. 'మోకాళ్లు అరిగినయి. ఇంకెక్కడ తిరుగుత బిడ్డా?' అనేవాడు.

చివరికి ఓ ఒప్పందం మీద బయల్దేరాడు. ఆయనకి ఎక్కడ చాలనిపిస్తే అక్కడే అందరం ఆగిపోవాలి. 'ఇంకొంచెం దూరమే' అని ఎవరూ బతిమాలకూడదు. ఎనిమిదేళ్ల మా పాప కూడా సరేనంది. ఆ తర్వాత వరసగా మూడు ఆదివారాలు నడిచాం.

గోదారి గట్టున...

మొదటి ఆదివారం పొద్దున్నే గోదావరి ఒడ్డుకి వెళ్లాం. మంచిర్యాల వెళ్లే రాజీవ్ రహదారి మీద, ఊరు దాటగానే వచ్చే వంతెన దగ్గరే నది. ఎక్కడం, దిగడం పెద్దగా లేని చోటు. మోకాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లు మొదలుపెట్టాల్సింది ఇక్కడే. దిగువన సుందిళ్ల బ్యారేజీలో నీళ్లు నిలిపితే నది నిండుగా కనిపిస్తుంది. లేనప్పుడు ఇసుక మేటలు, వాటి మధ్య పాయలు, పాయల్లో కొంగలు.

ఇసుకని చూసి బాపు ఆగాడు. 'ఇదంత మా బాయిల నింపినం' అన్నాడు. పాప నమ్మలేదు. నిజమే! బొగ్గు తీసిన చోట ఖాళీని అలాగే వదిలేస్తే పైనున్న నేల కుంగుతుంది. అందుకే చాలా గనుల్లో గోదారి ఇసుకని నీళ్లతో కలిపి గొట్టాల ద్వారా కిందికి పంపి ఆ ఖాళీని పూడ్చేవారు. పైన మనం నడుస్తున్న ఊళ్లకి కింద దన్నుగా ఉన్నది ఈ ఇసుకే.

ఆ రోజు ఇరవై నిమిషాలు నడిచాం. బాపు చాలన్నాడు. చాలనుకుని వచ్చేశాం.

రాముని గుండాలు

రామగుండానికి ఆ పేరు రావడానికి కారణం ఊరి పక్కనున్న గుట్టే. వనవాసంలో రాముడు ఇక్కడ ఉన్నాడనీ, గుట్టమీద 108 గుండాలున్నాయనీ స్థానికులు చెబుతారు. రాతిలో నీళ్లు నిలిచే చిన్నా పెద్దా గుంతలే ఈ గుండాలు. వానలు వెలిశాక వెళ్తే నీళ్లతో కళకళలాడతాయి.

ఇది చిన్నపాటి గుట్టే అయినా ఎక్కడం ఎక్కడమే. ఓపిక ఉన్నవాళ్లు పైదాకా వెళ్లొచ్చు. లేనివాళ్లు నీడ చూసుకుని కూర్చోవచ్చు. బాపు కొంత ఎక్కి ఓ రాయి మీద కూర్చున్నాడు. పాప పైకెళ్లి గుండాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, లెక్క తప్పి, మళ్లీ మొదటికొచ్చి, చివరికి విసుగొచ్చి దిగింది. అప్పటికి తాత పక్కనున్న మరో ఇద్దరు పెద్దవాళ్లతో ముచ్చట్లలో పడ్డాడు. ఒకాయన కోల్ ఫిల్లరట. తట్టా చెమ్మస్ పట్టినవాళ్లకి మాటలు కరవా! దిగి వచ్చేటప్పుడు బాపు మోకాళ్ల ఊసే ఎత్తలేదు.

సబ్బితం చెట్ల నీడన

మూడో ఆదివారం కాస్త దూరం. పెద్దపల్లి నుంచి మంథని వెళ్లే దారిలో సబ్బితం ఊరుంది. ఊరికి దగ్గర్లోని గౌరీ గుండాల జలపాతం వానాకాలంలో జనంతో కిటకిటలాడుతుంది. మేం వానలు తగ్గాక వెళ్లాం. జలపాతం సన్నబడినా చెట్లు పచ్చగా ఉన్నాయి. అసలు అడవిని చూడాలంటే ఇదే అదను.

ఇటువైపు అడవుల్లో టేకు, నల్లమద్ది, తునికి, మోదుగ, ఇప్ప చెట్లుంటాయి. మాఘం దాటితే మోదుగు పూలతో అడవి ఎర్రబడుతుంది. ఎండాకాలం తునికి పళ్లు, బీడీ ఆకు. బతుకమ్మ నాటికి దారి పొడుగునా తంగేడు, గునుగు.

ఆకుని చూసి చెట్టు పేరు చెప్పడం బాపుకి రాదు. కర్రని చూస్తే చెబుతాడు! ఆయన బాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైనున్న బండ పడకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. ఓ చెట్టు మొదలు మీద వేళ్లతో కొట్టి చూశాడు. 'ఇనుము చెప్పకుండ వంగుతది. కట్టె చెప్పి ఇరుగుతది' అన్నాడు. బరువు ఎక్కువైతే కర్ర ముందు కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినగానే అందరూ బయటికి పరుగెత్తేవారట. ఎన్నిసార్లు పరుగెత్తాడో చెప్పలేదు. మేమూ అడగలేదు.

పాప చెట్టుకి చెవి ఆనించింది. 'తాతా, ఇదేం చెప్తోంది?'

'ఏం చెప్పదు బిడ్డా. ఈడ పైన బండ లేదు గద!'

ప్రాణహిత-గోదావరి లోయలో 350 కిలోమీటర్ల మేర బొగ్గు ఉంది. అదీ ఒకప్పటి చెట్టూ చేమే. 25 కోట్ల ఏళ్లకు ముందే ఇక్కడ గ్లోసాప్టెరిస్ అనే చెట్లు పెరిగాయి. వాటి ఆకులు నాలుక ఆకారంలో ఉండేవి. చిత్తడి నేలల్లో కూలిన ఆ అడవే మట్టి కింద నలిగి నలిగి బొగ్గయింది. అంటే మా బాపు కొలువు చేసింది కూడా ఓ అడవిలోనే. నడవడానికి మాత్రం పైనున్న అడవికి ఇన్నేళ్లకి వచ్చాడు.

రామగిరి కింద...

బేగంపేట దగ్గరి రామగిరి ఖిల్లా గురించి చెప్పకపోతే ఈ ప్రాంతం వాళ్లు ఒప్పుకోరు. ఔషధ మొక్కలకి పేరున్న గుట్ట. శ్రావణమాసంలో జనం బారులు తీరతారు. అయితే పైదాకా ఎక్కడానికి గట్టి కాళ్లు, సగం రోజు కావాలి. ఎక్కలేనివాళ్లు బాధపడనక్కర్లేదు. కిందినుంచి చూసినా కొండ కొండే. మేం ఇంకా వెళ్లలేదు. బాపు లెక్కలో అది నాలుగో ఆదివారం.

ఇవి మరవొద్దు!

* అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. మేలో రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటేస్తుంది. వేసవిలో వెళ్లాల్సివస్తే ఏడు గంటలకల్లా ఇల్లు చేరాలి.

* నదిలోకి దిగొద్దు. ఎగువన ఎల్లంపల్లి ప్రాజెక్టు గేట్లు ఎత్తితే నీటిమట్టం పెరుగుతుంది.

* జలపాతం దగ్గర రాళ్లకి పాచి ఉంటుంది. సబ్బితంలో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. వాన పడేటప్పుడు పిల్లలతో వెళ్లకపోవడమే మేలు.

* ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు పచ్చగా కనిపించినా ఎక్కొద్దు. వదిలేసిన గుంతల్లో ఈతకి దిగొద్దు. కంచె వేసిన చోట నేల కుంగే ప్రమాదం ఉంటుంది.

* చేతికర్ర, నీళ్ల సీసా, గట్టి చెప్పులు చాలు. తాగిన సీసాని వెనక్కి తెచ్చుకోండి.

* గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లని ముందుంచండి. మిగతావాళ్లు ఆ నడకకే సర్దుకోవాలి.

చివరి మాట మేం బాపు దగ్గర నేర్చుకున్నదే. బాయి దిగేటప్పుడు గుంపులో ఎవరినీ వెనక వదిలేవారు కాదట. బొగ్గు పట్టణాల్లో ప్రతి వాడలో బాపులాంటి వాళ్లున్నారు. ఇంటిముందు కుర్చీ వేసుకుని, బాయికెళ్లే బస్సుని చూస్తూ కూర్చుంటారు. వాళ్లని కిలోమీటర్లు నడిపించాల్సిన పనిలేదు. 'చాలు' అనే హక్కు వాళ్లకిస్తే బయల్దేరతారు.

మొన్న శనివారం రాత్రి పడుకోబోతుంటే బాపు గదిలోంచి పిలిచాడు. 'రేపు ఎన్నింటికి పోదాం?'

చేతికర్ర అప్పటికే తలుపు దగ్గర ఆనించి ఉంది.