పొరుగు సర్వర్‌ను అడగాలంటే

2005 ఏప్రిల్‌లో పాల్ రాడెమాకర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ హౌసింగ్‌మ్యాప్స్ అనే సైటు పెట్టారు. క్రెయిగ్స్‌లిస్ట్‌లోని ఇళ్ల ప్రకటనలు అందులో గూగుల్ మ్యాప్స్ మీద గుర్తులై కనిపించేవి. గూగుల్ మ్యాప్స్ వచ్చి అప్పటికి రెండు నెలలే. ఒకరి సమాచారం మరొకరి పటంతో కలిస్తే ఎంత ఉపయోగమో అందరికీ తెలిసొచ్చింది. అయితే పేజీలోని జావాస్క్రిప్ట్ నేరుగా పొరుగు సర్వర్‌ను అడగబోతే బ్రౌజర్ ఒప్పుకోదు.

కారణం ఉంది. మీరు ఒక ట్యాబ్‌లో బ్యాంకు ఖాతా తెరిచారు. మిమ్మల్ని గుర్తుపట్టడానికి బ్యాంకు ఇచ్చిన కుకీ బ్రౌజర్ దగ్గర ఉంది. రెండో ట్యాబ్‌లో పాటల సైటు తెరిచారు. ఆ సైటు స్క్రిప్టు బ్యాంకును లెక్కలు అడిగితే? కుకీ కూడా వెంట వెళ్తే, అడిగింది మీరేననుకుని బ్యాంకు ఇచ్చేస్తుంది. అందుకే నెట్‌స్కేప్ నావిగేటర్ 2 కాలం నుంచీ బ్రౌజర్లు 'సేమ్ ఆరిజిన్' నియమం పాటిస్తున్నాయి. ప్రోటోకాల్, డొమైన్, పోర్టు మూడూ కలిస్తేనే ఒకే ఇల్లు. హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ తేడా ఉన్నా వేరే ఇల్లే.

ఈ కంచెలో ఒక సందు ఉంది. స్క్రిప్ట్ ట్యాగ్ ఎక్కడి ఫైలునైనా తెచ్చి నడపగలదు. 2005 డిసెంబరులో బాబ్ ఇప్పొలిటో దీన్ని వాడుకుని జేసన్‌పీ పద్ధతిని ప్రతిపాదించారు. పేజీలో 'చూపించు' అనే ఫంక్షన్ ఉందనుకుందాం. ఆ పేరును అడ్రసులో చేర్చి పంపితే, వాతావరణ సర్వర్ వట్టి 72 అని కాకుండా 'చూపించు(72)' అని తిప్పి పంపుతుంది. అది రాగానే నడిచి, ఉష్ణోగ్రత తెర మీదికొస్తుంది. చిక్కేమిటంటే, సర్వర్ ఏ కోడ్ పంపినా మన పేజీ అధికారంతోనే నడుస్తుంది. అంటే తాళంచెవి పొరుగువాడి చేతిలో పెట్టినట్టే.

ఇంకో దారి ప్రాక్సీ. మన సర్వరే పొరుగు సర్వర్‌ను అడిగి తెచ్చి ఇస్తుంది. బ్రౌజర్‌కు ఒక ఇల్లే కనిపిస్తుంది.

అసలు పరిష్కారానికి బీజం కాలిఫోర్నియాలోని టెల్‌మీ నెట్‌వర్క్స్‌లో పడింది. ఫోన్‌లో మాటలతో నడిచే సేవల కోసం 2004లో అక్కడి ఇంజనీర్లు చేసిన ప్రతిపాదన క్రమంగా 'కార్స్' అయింది. 2014 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ సిఫార్సుగా వెలువడింది. ఇందులో బ్రౌజర్ అభ్యర్థనతో పాటు 'ఆరిజిన్' హెడర్‌లో అడిగేవారి చిరునామా పంపుతుంది. సర్వర్ 'యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్' హెడర్‌లో ఎవరికి అనుమతో రాస్తుంది. పేరు కలిస్తేనే జవాబు స్క్రిప్టు చేతికి అందుతుంది. డిలీట్ లాంటి పనులకైతే బ్రౌజర్ ముందుగా 'ఆప్షన్స్' అభ్యర్థనతో సర్వర్ సమ్మతి తెలుసుకుంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. మామూలు అభ్యర్థన సర్వర్‌కు చేరుతుంది, పనీ జరుగుతుంది. బ్రౌజర్ ఆపేది జవాబునే. కాబట్టి కార్స్ ఉందని సర్వర్ తన సొంత తనిఖీలు మానకూడదు.

బ్రౌజర్ కన్సోల్‌లో జవాబు ఆపేశానని చెప్పే ఎర్ర అక్షరాలు చూడగానే కొందరు అనుమతి హెడర్‌లో 'ఎవరైనా సరే' అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు పెట్టేస్తుంటారు. ఊరందరికీ చెప్పదగ్గ వాతావరణానికి అది సరే. కుకీలతో వెళ్లిన అభ్యర్థనకు నక్షత్రం చెల్లదు. అప్పుడు కొందరు ఏ ఆరిజిన్ వస్తే ఆ పేరునే తిప్పి రాసేలా సర్వర్‌ను మారుస్తారు. ఎర్ర అక్షరాలు పోతాయి, వాటితో పాటే ఖాతాదారుడి రక్షణా పోతుంది. ఆ హెడర్‌లో రాయాల్సింది మనం ఎరిగిన పేర్లే.