మూడేళ్లు చదివా.. ఫారంలో మాత్రం ‘హైస్కూల్’!

కిందటేడు డిసెంబర్. డల్లాస్ శివార్లలో మా అపార్ట్‌మెంట్. రాత్రి పదకొండు దాటింది. అమ్మ ఇండియన్ స్టోర్‌లో డ్యూటీ ముగించుకుని వచ్చి అప్పుడే పడుకుంది. నేను దుప్పటి కప్పుకుని ఫోన్‌లో ఓ జాబ్ అప్లికేషన్ నింపుతున్నా. ఆసుపత్రిలో పేషెంట్ల రికార్డులు చూసే ఉద్యోగం. పేరు, అడ్రస్, అనుభవం.. చకచకా అయిపోయాయి. ‘మీ అత్యున్నత విద్యార్హత’ దగ్గర బొటనవేలు ఆగిపోయింది.

లిస్టులో ఉన్నవి నాలుగే. హైస్కూల్. అసోసియేట్. బ్యాచిలర్స్. మాస్టర్స్.

మూడేళ్లు కాలేజీకెళ్లా. 84 క్రెడిట్లు పాసయ్యా. కాలిక్యులస్, స్టాటిస్టిక్స్, అకౌంటింగ్ అన్నీ ఉన్నాయి నా ట్రాన్‌స్క్రిప్ట్‌లో. కానీ ఆ లిస్టులో నాకు మిగిలింది ‘హైస్కూల్’ ఒక్కటే. అదే నొక్కా. నాలుగు నిమిషాల్లో మెయిల్ వచ్చింది, కనీసం అసోసియేట్ డిగ్రీ ఉండాలట, థాంక్యూ అట. మనిషెవరూ చూసి ఉండరు. నాలుగు నిమిషాల్లో మనుషులు అంత మర్యాదగా నో చెప్పలేరు.

అసలు నేనెలా ఆగిపోయానో చెప్పాలి. మా మేనత్త స్పాన్సర్ చేస్తే గ్రీన్‌కార్డు మీద వచ్చిన కుటుంబం మాది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఇక్కడ హైస్కూల్ అయ్యాక యూనివర్సిటీ ఫీజు చూసి నాన్న ముఖం చూళ్లేకపోయా. అందుకే ముందు మా కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో చేరా. ఫీజు తక్కువ, ఇంటి నుంచే వెళ్లొచ్చు. రెండేళ్లు అక్కడ చదివి 60 క్రెడిట్లు పూర్తిచేస్తే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. ఆ క్రెడిట్లతో యూనివర్సిటీకి మారితే మొత్తం 120కి బ్యాచిలర్స్. ఇదీ దారి.

నేను 39 క్రెడిట్లకే యూనివర్సిటీకి జంప్ చేశా. ఫ్రెండ్స్ వెళ్తున్నారు మరి! ‘అసోసియేట్ ఎవరడుగుతారే, ఎలాగూ బ్యాచిలర్స్ వస్తుందిగా’ అన్నారు. నిజమే అనిపించింది. అక్కడ ఇంకో 45 చేశా. అంతలో నాన్నకు గుండె ఆపరేషన్. ఆరు నెలలు ఆయన పనికి వెళ్లలేదు. ‘ఒక్క సెమిస్టర్ ఆగుతా’ అని నేనూ స్టోర్‌లో చేరా. ఒక్క సెమిస్టర్ రెండేళ్లైంది.

అమెరికాలో నాలాంటివాళ్లు కొద్దిమంది కాదు. కాలేజీలో చేరి, ఏ పట్టా లేకుండా ఆగిపోయినవాళ్లు 4 కోట్ల మంది పైనే ఉన్నారని నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ లెక్క. ఆ అంకె చదివినప్పుడు ఊరట కలిగిందా, భయమేసిందా అంటే.. రెండూ.

చదవని మెయిల్

ఆ రిజెక్షన్ వచ్చిన రాత్రి నిద్రపట్టక, ఎప్పుడో వదిలేసిన యూనివర్సిటీ ఈమెయిల్ తెరిచా. పాస్‌వర్డ్ మూడోసారికి గుర్తొచ్చింది. పిజ్జా పార్టీలు, పార్కింగ్ నోటీసులు, ఫీజు రిమైండర్లు.. వందల మెయిల్స్. వాటి మధ్యలో ఒకటి, ‘మీరు అసోసియేట్ డిగ్రీకి అర్హులు కావచ్చు’ అని. రెండున్నరేళ్ల నాటిది. స్పామ్ అనుకుని తెరవలేదు నేను!

దాని పేరే రివర్స్ ట్రాన్స్‌ఫర్. మామూలుగా క్రెడిట్లు కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి వెళ్తాయి. ఇక్కడ వెనక్కి నడుస్తాయి. యూనివర్సిటీలో నువ్వు పాసైన కోర్సుల్ని పాత కాలేజీకి పంపిస్తారు. వాళ్లు రెండూ కలిపి చూసి, 60 నిండితే, ఉండాల్సిన సబ్జెక్టులన్నీ ఉంటే, అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. చదువు నువ్వు చదివిందే. కొత్తగా ఎవరూ దానం చేసేదేం లేదు.

టెక్సస్‌లో దీనికి చట్టమే ఉంది. కమ్యూనిటీ కాలేజీలో కనీసం 30, మొత్తమ్మీద 66 క్రెడిట్లు దాటిన విద్యార్థికి యూనివర్సిటీయే మెయిల్ పంపి, ‘నీ మార్కులు పాత కాలేజీకి పంపమంటావా?’ అని అడగాలి. అడగడమెందుకు, పంపేయొచ్చుగా అనిపించింది నాకు. కానీ 1974 నుంచి విద్యార్థుల రికార్డులకు ‘ఫెర్పా’ అనే గోప్యత చట్టం ఉంది. నీ సమ్మతి లేకుండా నీ మార్కుల్ని ఇష్టమొచ్చినట్టు పంపడానికి లేదు. మంచి చట్టమే. కాకపోతే ఆ సమ్మతి అడిగే మెయిల్ పిజ్జా పార్టీల కింద పడిపోతే అంతే సంగతులు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. మా రాష్ట్రంలోనే ఎల్ పాసోలో యూనివర్సిటీ, కమ్యూనిటీ కాలేజీ కలిసి 2000ల మధ్యలోనే మొదలుపెట్టాయి. తర్వాత 2012లో లూమినా ఫౌండేషన్ లాంటి సంస్థలు డబ్బు పెట్టి ‘క్రెడిట్ వెన్ ఇట్స్ డ్యూ’ అనే ప్రాజెక్టు నడిపాయి. మొదట 12 రాష్ట్రాలు, తర్వాత ఇంకో మూడు. హవాయి వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. అక్కడ యూనివర్సిటీ, కమ్యూనిటీ కాలేజీలు ఒకే వ్యవస్థలో ఉంటాయి కాబట్టి, ఎవరికి డిగ్రీ వస్తుందో కంప్యూటరే పట్టేస్తుంది.

ఇక నా కథ. జనవరిలో ఫోన్ చేస్తే యూనివర్సిటీ నుంచి వచ్చిన జవాబు: ‘మీకు 640 డాలర్ల బాకీ ఉంది. అది తీరేదాకా ట్రాన్‌స్క్రిప్ట్ కదలదు.’ చివరి సెమిస్టర్ మధ్యలో మానేసినప్పుడు మిగిలిన ఫీజది. పట్టా లేదు కాబట్టి మంచి ఉద్యోగం లేదు. మంచి ఉద్యోగం లేదు కాబట్టి బాకీ తీరదు. బాకీ తీరలేదు కాబట్టి పట్టా రాదు! నెలకు 160 చొప్పున నాలుగు వాయిదాలు అడిగా. కౌంటర్‌లో ఆవిడ సరేనంది. అడిగితే ఒప్పుకుంటారని ఎవరైనా ముందే చెప్పుంటే బాగుండేది.

నాన్నకు తెలియకుండా కడదామనుకున్నా. రెండో వాయిదాకే పట్టేశాడు. ‘నా ఆపరేషన్ వల్లేగా ఆగిపోయావు’ అన్నాడు. ఏం చెప్పాలో తెలియక ‘అబ్బే, లెక్చరర్లు బోర్ కొట్టించారు నాన్నా’ అన్నా. ఆయన నవ్వలేదు. మూడో వాయిదా ఆయనే కట్టాడు.

ఒక్క సబ్జెక్టు తక్కువ

బాకీ తీరింది, సమ్మతి ఫారంలో టిక్ పెట్టా, మార్కులు పాత కాలేజీకి వెళ్లాయి. పది రోజులకు అక్కడి అడ్వైజర్ ఫోన్. 84 క్రెడిట్లు ఉన్నా డిగ్రీ రాదట! టెక్సస్‌లో డిగ్రీ కావాలంటే అందరికీ తప్పనిసరైన 42 క్రెడిట్ల కోర్ ఉంటుంది. అందులో అమెరికా చరిత్ర ఆరు, గవర్నమెంట్ ఆరు. నేను గవర్నమెంట్‌లో ఒకటే చేశా. రెండోది, టెక్సస్ ప్రభుత్వం గురించి చెప్పేది, ‘తర్వాత చేద్దాంలే’ అని వదిలేశా. ఎన్ని క్రెడిట్లున్నాయి అన్నది కాదు, ఏవున్నాయి అన్నదే లెక్క.

ఎండాకాలంలో ఆన్‌లైన్‌లో ఆ ఒక్క కోర్సూ చేశా. పగలు బిల్లింగ్ కౌంటర్, రాత్రి టెక్సస్ రాజ్యాంగం. ‘బి’ వచ్చింది.

మీలో కొందరికి అనుమానం వచ్చుంటుంది, ఈ కాగితంతో నిజంగా ఉపయోగం ఉందా అని. ఎలాగూ బ్యాచిలర్స్ పూర్తిచేసేవాళ్లకు పెద్దగా ఉండదు. రెజ్యూమేలో ఒక లైను పెరుగుతుంది, అంతే. మధ్యలో ఆగిపోయినవాళ్లకు మాత్రం అది ఫారంలో తలుపు తెరిచే ఒక్క మాట. కాలేజీలకూ ఇందులో లాభం ఉంది. టెక్సస్‌లో 2023లో వచ్చిన చట్టం ప్రకారం కమ్యూనిటీ కాలేజీల నిధులు చాలావరకు ఫలితాల్ని బట్టే. ఎంతమంది పట్టాలు తీసుకున్నారన్నది అందులో పెద్ద లెక్క. అందుకే అంత ప్రేమగా మెయిల్స్ వస్తాయి. వస్తే రానీ, నాకేం అభ్యంతరం?

ఇదంతా గుంటూరులో బీఎస్సీ చదివే మా బాబాయి కూతురికి వీడియో కాల్‌లో చెప్తే, ‘అక్కా, మాకూ ఉందిగా, ఏబీసీ’ అంది. అవును, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. 2021లో మొదలైంది. యూజీసీ కొత్త పద్ధతిలో మొదటి ఏడాది 40 క్రెడిట్లతో ఆగితే సర్టిఫికెట్, రెండేళ్లకు 80తో డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లకు ఆనర్స్. కానీ మధ్యలో ఆగేవాళ్లు సెలవుల్లో నాలుగు క్రెడిట్ల వృత్తి కోర్సు కూడా చేయాలి. బ్యాంకులో క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లే నిలుస్తాయి. ‘ఆ నాలుగు క్రెడిట్ల సంగతి తెలుసా?’ అని అడిగా. తెలీదంది. వెళ్లి మీ కాలేజీలో కనుక్కో అన్నా. నా టెక్సస్ గవర్నమెంట్ గుర్తొచ్చింది మరి.

ఇంకోమాట. ఎంఎస్ కోసం ఇండియా నుంచి ఇక్కడికి వచ్చే మీకు రివర్స్ ట్రాన్స్‌ఫర్‌తో పని ఉండదు. ఇక్కడ కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి మారిన తమ్ముళ్లు, చెల్లెళ్లు, కజిన్లు ఉంటే మాత్రం వాళ్లకు చెప్పండి. పాత కాలేజీ రిజిస్ట్రార్‌కు ఒక మెయిల్ చాలు. మారేముందు ఇంకా ఏ సబ్జెక్టులు బాకీయో అడిగి రాసుకుంటే ఇంకా మంచిది.

ఆగస్టు చివర్లో అట్ట కవర్ పోస్టులో వచ్చింది. అమ్మ పసుపు చేత్తోనే చింపబోతే ఆపా. నాన్న ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అభినందనలు, దండాల ఎమోజీలు వరుసకట్టాయి. వాటి మధ్య తెనాలి నుంచి నానమ్మ వాయిస్ మెసేజ్: ‘ఇది డిగ్రీనా, ఇంటరా? ఊళ్లో అడుగుతున్నారు, ఏం చెప్పమంటావే?’

డిగ్రీయే నానమ్మా, సగం అన్నా. మిగతా సగానికి ఇంకా 33 క్రెడిట్లున్నాయి. జనవరి సెమిస్టర్‌కు రెండు కోర్సులు రిజిస్టర్ చేసుకున్నా. ఆసుపత్రి వాళ్ల పోస్టు మళ్లీ పడింది, నిన్న రాత్రే అప్లై చేశా. ఈసారి నాలుగు నిమిషాలు దాటినా మెయిల్ రాలేదు.