ఫోన్‌లో పేరు కనిపించకుంటే వ్యాపారం ఉన్నా లేనట్టే!
పైసా ఖర్చు లేని పనికి దళారులకు వేలు పోయనక్కరలేదు

ఇందుకూరుపేట: మైపాడు సముద్ర స్నానానికి వచ్చేవారు ఒకప్పుడు బస్సు దిగి, చేపల పులుసు భోజనం ఎక్కడ దొరుకుతుందని ఊరివారినే అడిగేవారు. ఇప్పుడు నెల్లూరు దాటకముందే సెల్‌ఫోన్‌లో గూగుల్‌ను అడుగుతున్నారు. అది చూపిన చోటికే బండి తిప్పుతున్నారు. వంట ఎంత రుచిగా ఉన్నా, పేరు అందులో లేని హోటలు ముందు నుంచి బండ్లు ఆగకుండా వెళ్లిపోతున్నాయి.

రొయ్య పిల్లల హేచరీలకు ఇది మరీ ముఖ్యం. ఆక్సిజన్ నింపిన సంచుల్లో పిల్లను వేళకు గుంటకు చేర్చకుంటే రైతుకు నష్టమే. మ్యాపులో గుర్తు ఒక మైలు పక్కన పడినా, చీకట్లో వ్యాను దారి తప్పి తిరగవలసిందే.

కాగా, పేరు నమోదుకు గూగుల్ ఒక్క పైసా తీసుకోదు. 2014లో ‘గూగుల్ మై బిజినెస్’గా మొదలైన ఈ ఏర్పాటుకు 2021 నుంచి ‘గూగుల్ బిజినెస్ ప్రొఫైల్’ అని పేరు. దుకాణం పేరు, రకం, చిరునామా, ఫోన్ నంబరు, తెరిచే వేళలు నింపి, మ్యాపులో గుర్తు సరిచూసుకోవాలి. తర్వాత యజమాని మీరేనని ఫోను, వీడియో వంటి పద్ధతుల్లో రుజువు అడుగుతారు. ఏ పద్ధతి అన్నది గూగులే నిర్ణయిస్తుంది.

ఇక్కడొక జాగ్రత్త. నెట్ సెంటర్ కుర్రవాడి ఈ-మెయిల్‌తో నమోదు చేయిస్తే తాళంచెవి అతని చేతిలో పెట్టినట్టే. రేపు ఫోన్ నంబరు మార్చాలన్నా అతనినే బతిమాలుకోవాలి. నమోదు సొంత ఈ-మెయిల్‌తోనే జరగాలి.

సొంత వెబ్‌సైటు సంగతి వేరు. ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో మూసివేసింది. ఆ చిరునామా ఇంకా కార్డులపై ఉంటే మార్చుకోవడం మంచిది. గూగుల్ యంత్రాలు ఒక సైటులోని లింకు పట్టుకుని మరో సైటుకు వెళుతుంటాయి. ఏ లింకూ లేని కొత్త సైటు బాట లేని దిబ్బ వంటిది. అందుకే ‘సెర్చ్ కన్సోల్’ అనే ఉచిత ఏర్పాటులో సైటు మనదేనని రుజువు చేసి, పేజీల జాబితా అయిన ‘సైట్‌మ్యాప్’ సమర్పించాలి. పేరు ఎక్కడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. తప్పక ఎక్కుతుందన్న హామీ మాత్రం లేదు. మైక్రోసాఫ్ట్ వారి బింగ్‌కు కూడా ఇటువంటి ఏర్పాటే ఉంది.

తెలుగులో రాసేవారు యూనికోడ్ అక్షరాలే వాడాలి. ప్రెస్సుల్లో శుభలేఖలకు వాడే పాత ఫాంట్లతో నింపితే, కంటికి తెలుగుగా కనిపించినా యంత్రానికి అర్థం లేని ఇంగ్లీషు గుర్తులే. సమాచారమంతా ఒక్క బొమ్మగా పెట్టినా ప్రయోజనం తక్కువ. ఊరి పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటే ఎవరు ఎలా వెతికినా దొరుకుతుంది.

వేళలు ఎప్పటికప్పుడు మార్చడమూ అవసరమే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో మూసే చేపల దుకాణం ‘తాత్కాలికంగా మూసివేత’ అని చూపకుంటే, దూరం నుంచి వచ్చినవారు వట్టి చేతులతో తిరిగిపోతారు. ఆ కోపం నక్షత్రాల మార్కుల్లో కనిపిస్తుంది.

‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకుంటే మీ పేరు తీసేస్తాం’ అనే ఫోన్లను నమ్మరాదు. మొదటి స్థానం ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. డబ్బుతో వచ్చేది ప్రకటన మాత్రమే, దానిపై ఆ గుర్తు ఉంటుంది. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఊళ్లలో చదువుకున్న యువకులకు కొదవ లేదు. పంచాయతీకి ఇద్దరు ముందుకు వచ్చి ఒక పూట కూర్చుంటే, తీరంలోని చిన్న వ్యాపారులకు దళారుల బెడద తప్పుతుంది.